బస్సుకి అమ్మవారు పోసిన ఏడాది

ఈ మధ్య మా వీధి చివర కార్లకి రంగులు వేసే షెడ్డు వాళ్లు ఇద్దరు ఒక పలకని గోనెపట్టాలో చుట్టుకుని మా ఇంటికొచ్చారు. ఫైబర్‌గ్లాసు పలక. ఇనుము కాదు కాబట్టి తుప్పు పట్టదని, తుప్పు పట్టదు కాబట్టి పొక్కులు రావని సంబరపడి ఒక కారు ముందుభాగమంతా దానితో చేయించారట. వానలు పడగానే రంగు పొక్కులెక్కింది. "రంగు కంపెనీ మంచిది కాదండీ" అన్నాడు ఒకాయన. "మన గాలే అలాంటిది" అన్నాడు రెండో ఆయన.

ఈ రెండు మాటలూ నేను ఇనపరేకుల కాలంలోనే విన్నాను. పలక మారింది గానీ సాకులు మారలేదు. "రంగు సంగతి తరవాత. రంగు వేసే ముందు ఈ పలకని దేనితో కడిగారు, తడి ఎంతసేపు ఆరనిచ్చారు?" అని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకి చెప్పిన కథే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

అరగదీసే ఉద్యోగం

పని చేసినంత కాలం నన్నెవరూ పెయింటర్ అనలేదు. టెక్కలి నుంచి బారువ దాకా నేను రంగుల పంతుల్ని. మా నాన్న టెక్కలిలో అర్చకుడు. మా ఇళ్లల్లో మగపిల్లలకి గుడి, బడి, సర్కారు కచేరీ అని మూడే దారులు. నేను విశాఖపట్నం వెళ్లి బస్సు బాడీలు కట్టేచోట రంగు పని నేర్చుకుని తిరిగొచ్చాను. "చందనం అరగదీయాల్సిన చేతులతో బస్సుని అరగదీస్తావా?" అని మా నాన్న ఒక్కసారే అడిగాడు. అవును, జీవితమంతా అదే చేశాను.

ఈ పని రంగు వేయడమని అందరూ అనుకుంటారు. అది చివర్లో వచ్చే చిన్న ముక్క. ముందు రేకు మీది తుప్పు గీకాలి, ఎర్ర ప్రైమరు పట్టించాలి, సొట్టలు పుట్టీతో నింపాలి, ఆరాక నీళ్లు పోస్తూ వాటర్ పేపరనే గరుకుకాగితంతో రుద్దాలి. మళ్లీ ప్రైమరు, మళ్లీ రుద్దుడు. రేకు అద్దంలా నున్నగా అయ్యాకే రంగు. చూసేవాళ్లు మెచ్చుకునేది రంగునే. తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం రుద్దినవాణ్ణి తిడతారు.

జగ్గారావుగారు, ఆయన నుయ్యి

పంతొమ్మిదివందల యాభైలలో నా యజమాని జగ్గారావుగారు. టెక్కలి నుంచి పలాస మీదుగా బారువకి, సంత రోజున ఇటు కోటబొమ్మాళికి, లోపల నందిగాం పల్లెలకి బస్సులు నడిపేవారు. చెడ్డ మనిషి కాదు. తను తప్పు చేయగలనన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. అలాంటి యజమానులు మీకూ దొరుకుతారు. చాలామంది అలాంటివాళ్లే.

ఊళ్లో అద్దెషెడ్డు ఇరుకైందని టెక్కలి బయట నౌపడా దారిలో స్థలం కొన్నారు. అక్కడ గడ్డి కూడా మొలవదు. అటుపక్క అంతా ఉప్పుమళ్లు. ఆ స్థలంలో షెడ్డు కట్టి, పోయిన తన తల్లి పేరు మీద ఒక నుయ్యి తవ్వించారు. నూతిగట్టు మీద ఆవిడ పేరు చెక్కించారు. పూజ చేయించింది మా నాన్నే. తీర్థం నోట్లో పోసుకున్నప్పుడు ఆయన మొహం ఒక్కక్షణం వంకర తిరిగింది. ఇంటికొచ్చాక, "ఆ నూతిలో గంగమ్మ లేదురా, సముద్రుడే ఉన్నాడు" అన్నాడు.

అది ఉప్పునీరని షెడ్డులో అందరికీ తెలుసు. తాగడానికి ఊళ్లోంచి కుండలు తెచ్చుకునేవాళ్లం. బస్సు కడగడానికీ, రేకులు రుద్దడానికీ మాత్రం ఆ నీళ్లే. బస్సు నీళ్లు తాగుతుందా ఏమన్నా అని అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

పొక్కులు

కొత్త షెడ్డులో రంగు వేసిన బస్సులు ఎండాకాలమంతా పెళ్లికొడుకుల్లా తిరిగాయి. తొలకరి పడిన కొన్నాళ్లకి బారువ బస్సు పక్కరేకు మీద కందిగింజంత పొక్కులు లేచాయి. తరవాత శనగగింజంత అయ్యాయి. తరవాత మిగతా బస్సులకీ వచ్చాయి. రంగు ఎర్రరంగు కావడంతో చూడ్డానికి మరీ ఘోరంగా ఉండేది.

ఆ రోజుల్లో ఊళ్లల్లో మశూచి భయం ఇంకా పోలేదు. పలాసలో ఎవరో ముసలమ్మ బస్సుని చూసి, "బస్సుకి అమ్మోరు పోసినాది" అందట. ఆ మాట బస్సు కన్నా ముందు బారువ చేరింది. డ్రైవరు అప్పన్న రేడియేటరుకి వేపమండలు కట్టాడు. ఒక ఊళ్లో ఆడవాళ్లు బస్సు ఆపి ముందు చక్రానికి పసుపునీళ్లు పోశారు. జగ్గారావుగారు అది చూసి మండిపడి వేపమండలు పీకించారు. మర్నాడు పొక్కులు ఇంకా పెరిగాయి. ఆ మర్నాడు వేపమండలు మళ్లీ కనిపించాయి. ఈసారి ఆయన చూడనట్టు లోపలికి వెళ్లిపోయారు.

విశాఖపట్నం నుంచి రంగు కంపెనీ ఏజెంటుని పిలిపించారు. ఆయన పలాస జీడిపప్పు ఒక పళ్లెం ఖాళీ చేసి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, "సముద్రపు గాలండీ, ఏ రంగూ తట్టుకోదు" అని తేల్చేశాడు. ఆ కంపెనీ డబ్బా మీద ఉన్న బొమ్మ ఓడది. నేను ఆ బొమ్మకేసి చూశాను. ఏజెంటు కూడా చూసి, డబ్బాని కాలితో అవతలి వైపు తిప్పాడు.

గాలిని ఆపమని ఎవరికి చెప్తాం? జగ్గారావుగారికి తప్పు మోపడానికి ఒక మనిషి కావాలి. ఏజెంటు వెళ్లాక బాగా ఆలోచించి, "గాలి కాదు పంతులూ, గంపలు" అన్నారు.

బారువ బెస్తవాళ్ల ఆడవాళ్లు ఉప్పుచేపల గంపలు బస్సు టాపు మీద వేసుకుని కోటబొమ్మాళి సంతకి వెళ్లేవారు. వానకి తడిసిన గంపల్లోంచి ఉప్పునీరు పక్కరేకుల మీదికి కారడం నిజమే. చూడ్డానికి న్యాయంగానే ఉంది. ఈ పనిలో నేను గమనించిందేమిటంటే, తప్పుడు కారణాలే చూడ్డానికి న్యాయంగా ఉంటాయి.

గంపలొద్దు

ఆ హుకుం అమలైన రోజు నేను బారువ బస్సులోనే ఉన్నాను. పొక్కులు ఎక్కడెక్కడ లేస్తున్నాయో దారిలో చూసి రమ్మని ఆయనే పంపారు. ఆడవాళ్లు గంపలతో సిద్ధంగా నిలబడి ఉన్నారు. కండక్టరు దిగి, "మనుసులెక్కండి, గంపలొద్దు" అన్నాడు.

వాళ్లల్లో ముందుండేది కూర్మమ్మ. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. "గంప లేకండా బస్సెక్కి ఏటి సేత్తాం? కోటబొమ్మాలి అందం సూడ్డానికెల్తామేటి?" అంది.

"మీ గంపల ఉప్పుకి బస్సుకి పొక్కులొత్తన్నాయి. యజమాని ఒద్దన్నారు."

కూర్మమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. "సిన్నప్పట్నుంచి ఈ సేతులు ఉప్పులోనే నానతన్నాయి. ఒక్క పొక్కు సూపించు, నానే గంప దించేత్తాను."

జనం నవ్వారు. కండక్టరుకి ఒళ్లు మండింది. వెనకాల నిలబడ్డ కూర్మమ్మ అత్త నూకమ్మ వైపు వేలు చూపించాడు. "ఈ ముసల్దాని గంపే ఎక్కువ కారతాది. దీంతోనే మొదలైనాది ఈ రోగం."

నూకమ్మ తలమీది గంప తనే దించుకుని దాని పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. కింద నిలబడ్డ కూర్మమ్మ కిటికీ దగ్గరున్న నాకేసి చూసి, "పంతులు బావూ, నువ్వైనా సెప్పు" అంది. ఆ పొక్కులు ఎందుకొచ్చాయో అప్పటికి నాకూ తెలియదు.

అప్పట్నుంచి వాళ్లు బారువ రైలుస్టేషన్‌కి నడవడం మొదలుపెట్టారు. స్టేషను ఊరికి దూరం. గంప నెత్తిన పెట్టుకుని ఇసకదారిలో అంత దూరం వెళ్లి, రైలెక్కి కోటబొమ్మాళిలో దిగేవారు. నూకమ్మ అంత దూరం నడవలేదు. ఆవిడ సంత మానేసింది. సంత ఒక్కటే కాదు, బస్సుకి రోగం అంటించిన ముసలమ్మ అని ఊళ్లో పిల్లలు కూడా అంటున్నందుకు ఇల్లు కదలడమే మానేసిందని అప్పన్న చెప్పాడు.

ఆ మాట విన్నాక నాకు ఆ పొక్కులు ఉత్త పొక్కుల్లా కనిపించలేదు. వేసింది నా రంగు. నింద మోస్తున్నది ఆవిడ.

కుడిపక్క, ఎడమపక్క

గంపలు ఆగాయి. పొక్కులు ఆగలేదు. నేను మెల్లగా చూడ్డం మొదలుపెట్టాను. గంప నీరు కారని ముందు బానెట్ మీద కూడా పొక్కులున్నాయి. నందిగాం బస్సు సముద్రం మొహమే చూడలేదు, ఒక్క చేప కూడా ఎక్కలేదు, దానికీ ఉన్నాయి. ఈ సంగతి జగ్గారావుగారికి చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, "దాన్ని బారువ బస్సు పక్కన నిలబెడతన్నారు కదయ్యా. అంటుకుంది" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి నందిగాం బస్సుని షెడ్డుకి అవతలి మూల వేరుగా నిలబెట్టారు. నవ్వకండి. చదువుకున్న ఇంజనీర్లు ఇంతకన్నా గొప్ప మాటలు అనడం తరవాత చాలాసార్లు విన్నాను.

నాకు దారి చూపించింది ఆయన కారు. జగ్గారావుగారు ఆదివారం ఆదివారం కుటుంబంతో ఆ కారులో బారువ సముద్రం ఒడ్డుకి వెళ్లేవారు. ఇసకలో నిలబెట్టేవారు, అలల తుంపర దాని మీద పడేది. దానికీ నేనే, అదే డబ్బాలోంచి రంగు వేశాను. ఒక్క పొక్కు లేదు. "చూశావా, కారులో గంపలెక్కవు" అని ఆయన దాన్నే సాక్ష్యంగా చూపించేవారు.

కారుకీ బస్సుకీ తేడా ఏమిటని మనసులో మళ్లీ మళ్లీ వెతుక్కున్నాను. రంగు ఒకటే, చెయ్యి ఒకటే, గాలి ఒకటే. చివరికి తట్టింది. కారుని షెడ్డుకి పంపితే మురికి చేస్తారని ఆయన భార్య ఒప్పుకోలేదు. టెక్కలిలో వాళ్ల పెరట్లోనే రుద్దాను, వాళ్ల ఇంటి నూతినీళ్లతో. అవి కొబ్బరినీళ్లలాంటి నీళ్లు.

షెడ్డుకి వెళ్లి బస్సు బానెట్ మీది పొక్కు ఒకటి చాకుమొనతో గిల్లాను. లోపల నీటిబొట్టు ఉంది. వేలితో నాలికకి రాసుకున్నాను. ఉప్పు.

సంగతి ఇంతే. రంగు గోడ కాదు, గుడ్డ. తడి దాంట్లోంచి మెల్లగా లోపలికి దూరుతుంది. అడుగున ఏమీ లేకపోతే ఎండకి మళ్లీ అలాగే పోతుంది. అడుగున ఉప్పు ఉంటే ఆ తడిని పిలిచి, కూర్చోబెట్టి, వెళ్లనివ్వదు. రంగు పైకి లేస్తుంది. ఆ ఉప్పు పైనుంచి రాలేదు. రుద్దిన ప్రతిసారీ రేకు మీద మేమే పూసి, ఆరబెట్టి, దాని మీద భద్రంగా రంగు కప్పాం.

జగ్గారావుగారితో మాటలు లాభం లేదని నాకు అప్పటికే తెలుసు. పొక్కులు గీకి మళ్లీ రంగు వేయాల్సిన బస్సు ఒకటి ఉంది. ఊరి నుంచి వచ్చే బస్సులో డ్రమ్ముతో మంచినీళ్లు తెప్పించుకుని ఎడమపక్క దానితో కడిగి రుద్దాను. కుడిపక్క ఎప్పట్లా షెడ్డు నూతినీళ్లతో. తరవాత వానల్లో వదిలేశాను. కుడిపక్క పొక్కులెక్కింది. ఎడమపక్క అద్దంలా ఉంది.

ఆయన్ని పిలిచి రెండు పక్కలా తిప్పి చూపించాను. చాలాసేపు చూశారు. "బారువ వెళ్లేటప్పుడు సముద్రం కుడిపక్కనే కదా" అన్నారు.

"తిరిగొచ్చేటప్పుడండీ?"

అప్పుడు నీళ్ల సంగతి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "మా అమ్మ పేరున తవ్వించిన నుయ్యి అది. పూజ చేసింది మీ నాన్నగారు. నువ్వు దానికి వంక పెడతావేటి?" అని, రేపట్నుంచి రావద్దన్నారు.

ఇంటికెళ్లి చెప్తే మా నాన్న, "నిజం చెప్పినందుకు పని పోయిందంటే ఆ పని నీకు బాగా వచ్చిందన్నమాట" అన్నాడు. ఆయన నా పనిని మెచ్చుకోవడం అదొక్కటే. దానికి నా ఉద్యోగం పోవాల్సి వచ్చింది.

అపచారం

నా బదులు బరంపురం నుంచి ఒక పెయింటరుని తెచ్చారు. ఆయన దగ్గర రంగు చిమ్మే మిషను ఉంది. మిషనుతో వేసిన రంగు నిజంగానే నా బ్రష్షు రంగు కన్నా నున్నగా వచ్చింది. పొక్కులు కూడా నున్నగా వచ్చాయి. ఆయన తనకి రావలసింది తీసుకుని బరంపురం రైలెక్కేశాడు.

జగ్గారావుగారు నాకు కబురు పెట్టారు. వెళ్తే, జరిగిన సంగతి ఒక్కటీ ఎత్తలేదు. షెడ్డులో అందరినీ పిలిచి, "అమ్మ పేరున్న నూతినీళ్లతో బస్సుల మురికి కడగడం అపచారం. ఇకనుంచి బస్సులకి ఊళ్లోంచి నీళ్లు తేవాలి. పంతులు చూసుకుంటాడు" అన్నారు. నేను తల ఊపాను. పనిచేసేచోట మీ మాట నెగ్గడం వేరు, మీదని తెలియడం వేరు. మొదటిది దొరికినప్పుడు రెండోదాని కోసం పట్టుపట్టకండి.

ఉప్పు మీద వేసిన రంగంతా గీకి, మంచినీళ్లతో కడిగి మళ్లీ వేశాం. మరుసటి వానాకాలానికి పొక్కులు లేవు. గంపల మీద నిషేధం మాత్రం అలాగే ఉంది. అది ఎత్తేస్తే ఎందుకు పెట్టామో చెప్పాల్సి వస్తుంది.

అయితే సంత రోజు బస్సు ఇంకా ఖాళీగానే తిరుగుతోంది. ఆడవాళ్లు రైలుకి అలవాటు పడ్డారు. ఆయన ఇంకొన్ని వారాలు ఓపిక పట్టి, ఒకరోజు, "పద పంతులూ, బారువ వెళ్దాం. నీ మాట వింటారు" అని నన్ను కారెక్కించుకున్నారు.

బారువలో

కూర్మమ్మ ఇంటి ముందు ఇసకలో చేపలు ఆరబోస్తోంది. జగ్గారావుగారు కారు దిగి, గంపలు మళ్లీ ఎక్కించుకోవచ్చని చెప్పారు, వరమిచ్చినట్టు. ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"పొక్కులు తగ్గినాయా బావూ?"

"తగ్గాయమ్మా."

"మా గంపలాపీసినాక తగ్గినాయా?"

ఆయన నాకేసి చూశారు. ఏదన్నా చెప్పమన్నట్టు. నాకు జవాబు తెలుసు, కానీ చెప్పాల్సింది నేను కాదు. నేను సముద్రం వైపు చూశాను. జగ్గారావుగారు గొంతు తగ్గించి, "కాదమ్మా. మా షెడ్డు నూతినీళ్ల వల్ల వచ్చాయి. మీ గంపల వల్ల కాదు" అన్నారు.

కూర్మమ్మ చేతులు దులుపుకుని లేచింది. "ఆ మాట నాతో కాదు, లోపల మా అత్త ఉన్నాది, దానితో సెప్పండి. ఊరంతా దాన్నే అంటన్నారు."

ఆయన వెళ్లకపోవచ్చనుకున్నాను. వెళ్లారు. గుమ్మం పొట్టిది, బాగా వంగాల్సి వచ్చింది. నూకమ్మ గోడకి చేరబడి వల బాగుచేస్తోంది. ఆయన నిలబడే చెప్పారు. ఆవిడకి సరిగా వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "పొక్కులు నీ వల్ల కాదమ్మా. నాదే పొరపాటు" అన్న మాట బయట ఉన్న ఇళ్లన్నిటికీ వినిపించింది. చిన్నగా చెప్పి బయటపడదామనుకున్న మాట ఆయన ఊరందరి ముందూ అరవాల్సి వచ్చింది.

నూకమ్మ వల పక్కన పెట్టింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. "రేపు సంత కదా నాయినా. బస్సు ఎప్పుడొత్తాది?" అంది.

మర్నాడు ఆవిడ బస్సెక్కింది. గంప టాపు మీదికి ఎక్కించడం కష్టమని అప్పన్న తలుపు పక్కనే, కొత్తరంగు రేకుకి ఆనించి కట్టాడు. వాన పడింది. ఉప్పునీరు ధారగా ఆ రేకు మీద నుంచి కారింది. సాయంత్రం బస్సు షెడ్డుకి రాగానే జగ్గారావుగారు గదిలోంచి బయటికొచ్చి, ఎవరూ చూడట్లేదనుకుని, ఆ రేకు మీద వేలితో తడిమి చూసుకున్నారు.

ఒప్పుకోవడం ఒకటి, నమ్మడం ఒకటి. ఆ వానాకాలమంతా ప్రతి సంత సాయంత్రం ఆయన వచ్చి అదే చోట వేలితో రుద్ది చూసుకునేవారు. పొక్కు రాలేదు. కానీ ఆయన వేలు పెట్టిన చోట మాత్రం రంగు మెరుపు పోయి, బొట్టుబిళ్లంత మేర వెలిసిపోయింది. ఆ బస్సు నా చేతికి మళ్లీ రంగుకి వచ్చినప్పుడు మిగతాదంతా రుద్దాను. ఆ బొట్టు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఆయన ఉన్నంతకాలం దాన్ని అలాగే వదిలేశాను.